అరవై ఎనిమిదో ఏటి పేజీలు

లిపోవ్కాలో హెద్వికా జప్లెతలోవా మోసిన బరువులు రెండు. పొద్దుటిపూట పోస్టు సంచి, చలికాలం సాయంత్రాలు ఊరి చరిత్ర పుస్తకం. సంచికి జీతం ఉండేది. పుస్తకానికి ఏడాది చివర పంచాయతీ వాళ్ళు ఓ పూలగుత్తీ, ఓ కాఫీ పొట్లం ఇచ్చి ఫోటో తీసుకునేవాళ్ళు.

ఊరన్నాక చరిత్ర పుస్తకం ఉండి తీరాలన్నది చట్టం. ఏ ఏటి సంగతులు ఆ ఏటికి రాయాలి. దేశంలో ఏం జరిగింది, ఊళ్ళో ఏం జరిగింది, ఎవరు పుట్టారు, ఎవరు పోయారు, చేలు ఎలా పండాయి. మామూలుగా ఈ పని బడిపంతులు నెత్తిన పడుతుంది. యాభై తొమ్మిదిలో లిపోవ్కా పంతులు బదిలీ మీద వెళ్ళిపోయాడు. ఏ ఇంట్లో ఏం జరిగినా ముందు తెలిసేది పోస్టావిడకే కదా అని పుస్తకం తెచ్చి హెద్వికా ముందు పెట్టారు. అప్పటికి ఆమెకు నలభై ఏళ్ళు. భర్త పోయి మూడేళ్ళయింది, పిల్లల్లేరు. నాకెక్కడొచ్చు, నేనెక్కడ రాయగలను అని ఆమె బెట్టు చెయ్యలేదు. ఇటివ్వండి అని తీసుకుంది.

తీసుకున్న రోజే పాత పేజీలన్నీ తిరగేసి పంతుల్ని తిట్టుకుంది. ఆయన ఆకాశం కన్నీరు కార్చిందని రాసిన చోట ఎంత వాన పడిందో లేదు, ఎవరి చేను మునిగిందో లేదు. హెద్వికా రాస్తే ఇలా ఉండేది: "జూన్ తొమ్మిదిన వడగళ్ళు. కోడిగుడ్డంత. రై ధాన్యం చేలు సగం పోయాయి." తన కళ్ళతో చూసిందే రాసేది. చూడనిదైతే ఇద్దరు మనుషులు విడివిడిగా చెబితేనే రాసేది. పదకొండేళ్ళలో ఆ పుస్తకంలో ఆమె ఒక్క అబద్ధం రాయలేదు. ఈ మాట ఆమే చెప్పుకునేది, కాస్త గట్టిగానే చెప్పుకునేది. ఊళ్ళో కొందరికి ఆ గట్టితనం కిట్టేది కాదు. అయినా ఎవరూ కాదనలేదు.

ప్రతి జనవరిలో పెన్సిలుతో రాసిన చిత్తుప్రతిని ఆమె పానశాల వెనక హాల్లో ఊరందరి ముందూ చదవాలి. అందరూ బీరు గ్లాసులు పట్టుకుని వింటారు. నా ఆవు ఎక్కువ మేసి చచ్చిందని రాశావు, దానికి జబ్బు చేసింది అని ఒకడు లేస్తాడు. పశువుల డాక్టరు ఏమన్నాడో ఆమె కాగితం తీసి చదువుతుంది. వాడు కూర్చుంటాడు. ఆ తర్వాతే చెరగని సిరాతో పుస్తకంలోకి ఎక్కించడం, కింద పంచాయతీ వాళ్ళు ఐదుగురూ సంతకాలు పెట్టడం. పుస్తకంలో పేజీలన్నిటికీ అచ్చు అంకెలుంటాయి. ఒక్కటి పోయినా తెలిసిపోతుంది.

అరవై ఎనిమిదో సంవత్సరం మొదలవుతూనే ఆమె సంచి బరువెక్కింది. జనవరిలో రాజధాని ప్రాగ్‌లో పార్టీ పై కుర్చీలో మనిషి మారాడు. ఫిబ్రవరిలో మొరావియా వాడొకడు మంచు మీంచి గాల్లోకి దూకే పోటీలో ఒలింపిక్ బంగారు పతకం కొట్టాడు. మార్చి నుంచి పత్రికలు నోరు విప్పాయి. అంతకుముందు పత్రికతో పొయ్యి రాజేసుకునేవాళ్ళు ఇప్పుడు ఎనిమిది గంటలకే గేటు దగ్గర నిలబడి, ఇంకా రాలేదేం అని హెద్వికా మీద చిరాకు పడేవాళ్ళు. సైకిలు తొక్కలేక నడిపించుకుంటూ తిరిగేది. కాళ్ళు నొప్పి పుట్టినా ఆ వసంతం ఆమెకు సంతోషంగానే గడిచింది. చిత్తు కాగితం మీద ఇది కూడా రాసుకుంది: "ఏప్రిల్. పత్రికలు రెట్టింపు. జనం చదువుతున్నారు."

ఆగస్టు ఇరవై ఒకటి, బుధవారం. తెల్లారేసరికి ఐదు దేశాల సైన్యాలు సరిహద్దు దాటి లోపలికొచ్చేశాయి. లిపోవ్కాకి వాటి చప్పుడు మాత్రమే వినబడింది. పెద్ద రోడ్డు ఊరికి రెండు కిలోమీటర్ల దూరం. ఊళ్ళోకి వచ్చే దారి సన్నగా ఉండి, ఊరు దాటాక పాత క్వారీ దగ్గర ఆగిపోతుంది. ఈ ఊరికి ఏ సైన్యమూ రానక్కర్లేదు.

శుక్రవారం రేడియో ఒక మాట చెప్పింది. ఊరి పేర్ల బోర్డులు, దారి చూపే బాణాలు, ఇంటి నంబర్లు అన్నీ పీకెయ్యండి, వచ్చినవాళ్ళకి ఎక్కడున్నారో తెలియకూడదు అని. చీకటి పడకముందే లిపోవ్కాలో అరవై మూడు ఇళ్ళకి నంబర్లు లేవు. ఉత్తరాలెలా పంచుతావని హెద్వికాని ఎవరో అడిగారు. నంబర్లు చూసి పంచానని నీకెవరు చెప్పారు అందామె.

శనివారం పొద్దున ఐదింటికి పోస్టు వ్యాను కోసం ఆమె పెద్ద రోడ్డు మీదికి సైకిలేసుకు వెళ్ళింది. అక్కడ కూడలిలో పోత ఇనుముతో చేసిన బాణం ఒకటుంది. దాని మీద ఓలొమోత్స్ పట్నం పేరు, ఎంత దూరమో ఉంటుంది. స్తంభం నుంచి అది ఊడి రాదు. దాని పక్కన నిచ్చెన వేసుకుని, పెద్ద పానాతో లియోపోల్డ్ హ్రదిల్ తంటాలు పడుతున్నాడు. పంచాయతీ కార్యదర్శి, ఆమెతో ఒకే బెంచీ మీద చదువుకున్నవాడు. ఊళ్ళో అందరికీ పోల్దా. ఊడదీయలేక బిగుతు వదులు చేసి బాణాన్ని పక్కకి తిప్పుతున్నాడు. ఆమెను చూసి వేలు పెదాల మీద పెట్టుకున్నాడు. ముఖం వెలిగిపోతోంది. పదేళ్ళ వయసులో పంతులు కుర్చీకి జిగురు రాసిన రోజు కూడా వాడి ముఖం ఇలాగే ఉందని హెద్వికాకి గుర్తొచ్చింది. సంచి తీసుకుని వెనక్కి వచ్చేసింది. బాణం ఎటు తిరిగిందో అప్పుడు ఆమె కూడా పట్టించుకోలేదు.

బాణం తిరిగింది లిపోవ్కా వైపుకి.

పోల్దా బుర్రలో ఎడమవైపు దారి అంటే క్వారీకి పోయే దారి. సైన్యం వెళ్ళి రాళ్ళ గోతిలో పడుతుందని వాడి లెక్క. ఆ దారి క్వారీకి చేరేముందు సొంత ఊరి నడిమధ్య నుంచి పోతుందన్న సంగతి, పుట్టి నలభై తొమ్మిదేళ్ళు అదే ఊళ్ళో ఉన్నవాడికి తట్టలేదు.

ఎనిమిదిన్నరకి తొమ్మిది ట్యాంకులు, నాలుగు లారీలు లిపోవ్కాలోకి వచ్చాయి. ఫైర్ స్టేషను దగ్గర దారి ఇరుకు. మొదటి ట్యాంకు దాని గోడ మూల తీసుకుపోయింది. రెండోది ఊరి చేతి పంపుని తొక్కింది. మొదటిది క్వారీ దాకా పోయి, ముందు దారి లేదని కబురు పంపింది. వెనకవి వెనక్కి పోలేవు, ముందువి ముందుకి పోలేవు. తిరగడానికి చోటు కావాలని, బండి తోలే వెందెలీన్ ఇంటి కంచె కూలదోసి, అతని ఏడు ప్లమ్ చెట్ల మీదుగా తిప్పుకున్నారు. నాలుగు గంటలు పట్టింది. ఆఫీసరు పటం పట్టుకుని ఇది ఏ ఊరని కనబడ్డవాళ్ళనల్లా అడిగాడు. మేం ఈ ఊరివాళ్ళం కాదు, చుట్టపుచూపుగా వచ్చాం అని అందరూ ఒకే మాట చెప్పారు. కోళ్ళకి గింజలు వేస్తున్న ముసలమ్మ కూడా అదే చెప్పింది. ఆఫీసరు ఆ కోళ్ళవంక చాలాసేపు చూశాడు.

సైన్యం వెళ్ళాక ఊరంతా కూడలికి నడిచి బాణం చూసి నోళ్ళు వెళ్ళబెట్టింది. ఎవడి పని ఇది? శుక్రవారం రాత్రి పక్క ఊళ్ళో ప్లమ్ సారా తాగి, ఆ కూడలి మీదుగా నడిచొచ్చిన మనిషి ఒక్క వెందెలీన్. అతన్ని అడిగారు. అతనికేమీ గుర్తు లేదు. నేనే అయ్యుంటానేమో అన్నాడు. అంతే, ఊరికి మనిషి దొరికాడు. ఆ రోజు నుంచి వెందెలీన్‌కి జనరల్ అని పేరు పడింది. పానశాలలో అడుగు పెడితే చాలు, జనరల్ గారూ, తరవాతి దండు ఎప్పుడొస్తుందండీ అని మొదలుపెట్టేవాళ్ళు. అతను తల వంచుకుని బీరు తాగేవాడు.

ఆ సాయంత్రమే పోల్దా హెద్వికా ఇంటికొచ్చాడు. నువ్వు నన్ను చూడలేదన్నాడు. చూశానంది. ఊరికి తెలిస్తే బతికున్నన్నాళ్ళూ నవ్వుతారని గింజుకున్నాడు. నన్నెవరూ అడగలేదు, అడక్కుండా నేను చెప్పను, అడిగితే మాత్రం అబద్ధం చెప్పను అంది. ఎవరూ అడగలేదు. మనిషి దొరికాక ఇంకెవరు అడుగుతారు?

జనవరిలో చిత్తుప్రతి చదివింది. స్కీ పతకం, పత్రికలు, ట్యాంకులు, పంపు, చెట్లు, మెక్సికో ఒలింపిక్స్‌లో జిమ్నాస్టు అమ్మాయి తెచ్చిన నాలుగు బంగారు పతకాలు, దేశాన్ని రెండు రిపబ్లిక్కులు చేసిన అక్టోబరు చట్టం, అన్నీ ఉన్నాయి. "కూడలిలో బాణాన్ని ఊరివైపు తిప్పినది" అని చదివి ఆగింది. అక్కడ నాలుగు వేళ్ళ జాగా ఖాళీగా వదిలింది. హాలంతా వెందెలీన్ వైపు తిరిగి నవ్వింది. జనరల్ అని రాసెయ్యమని కేకలేశారు. ఆయన్ని అక్కడ నేను చూడలేదు, చూసినవాళ్ళుంటే చెప్పండి, రాస్తానంది హెద్వికా. ఎవరూ లేవలేదు. ఖాళీ ఖాళీగానే సిరాలోకి ఎక్కింది. కింద సంతకాల్లో రెండోది పోల్దాది.

అరవై తొమ్మిది నవంబరులో వెందెలీన్ న్యుమోనియాతో పోయాడు. శవపేటిక వెనక నడుస్తూ కూడా ఇద్దరు కుర్రకుంకలు జనరల్ అని గొణుక్కుని నవ్వుకున్నారు. హెద్వికాకి ఒళ్ళు మండింది. వాళ్ళ మీద కంటే తన మీదే ఎక్కువ మండింది. నిజం తెలిసిన మనిషి తను. ఎవరూ అడగలేదన్న సాకు పెట్టుకుని, ఇంకొకడి తెలివితక్కువతనాన్ని వెందెలీన్ నెత్తిన పెట్టి పాతిపెట్టించింది. ఆ నాలుగు వేళ్ళ జాగాలో సరైన పేరు పడాలని ఆ రోజే గట్టిగా అనుకుంది. కాని సంతకాలైపోయిన పేజీలో తను చెయ్యి పెట్టడానికి లేదు, ఆ పేరు గలవాడే ఒప్పుకుని రాయాలి.

డెబ్బైలో గాలి మారింది. వచ్చిన సైన్యాల్ని తప్పుపట్టే మాట ఎక్కడా మిగలకూడదు. పోల్దా పంచాయతీ అధ్యక్షుడయ్యాడు. జిల్లా నుంచి ఉత్తర్వు వచ్చింది. ఊళ్ళ చరిత్ర పుస్తకాల్లో అరవై ఎనిమిది నాటి రాతలు పరీక్షిస్తారు, ఇన్‌స్పెక్టరు గురువారం వస్తాడు. ఆదివారం మధ్యాహ్నం పోల్దా కోటు జేబులో గడ్డం గీసుకునే బ్లేడు పెట్టుకుని హెద్వికా ఇంటికి వచ్చాడు. వాడి కూతురు యిత్కా బ్ర్నో నగరంలో డాక్టరీకి దరఖాస్తు పెట్టింది. సైన్యానికి అడ్డం పడిన ఊరి అధ్యక్షుడి కూతురంటే సీటిచ్చేవాడు లేడు.

పుస్తకం తెరిచి బల్ల మీద పెట్టింది హెద్వికా. రెండు వందల పన్నెండు, పదమూడు. ఎదురెదురు పేజీలు. ఆగస్టు మొత్తం అక్కడే ఉంది.

"కోసెయ్ హెదా. రెండు పేజీలేగా," అన్నాడు పోల్దా, బ్లేడు బల్ల మీద పెట్టి.

"నువ్వే కోసుకో. పుస్తకం పంచాయతీది, నువ్వు అధ్యక్షుడివి. నేనడ్డం రాను."

"అదేంటి, అంత తేలిగ్గా అంటున్నావు?"

"ఈ ఏడాది ఊళ్ళో జరిగినవి నేను రాయాలి కదా. మార్చి పదిహేనున అధ్యక్షుడు లియోపోల్డ్ హ్రదిల్ రెండు పేజీలు కోసేశాడని రాస్తాను. జనవరిలో హాల్లో చదువుతాను. ఎందుకు కోశాడని ఈసారి మాత్రం తప్పకుండా అడుగుతారు."

పోల్దా కుర్చీలో కూలబడ్డాడు. నిన్ను తీసేసి ఇంకొకళ్ళని పెడతానన్నాడు. పెట్టమంది. ఊళ్ళో ఇంకెవరూ ఆ పుస్తకం ముట్టుకోరని ఇద్దరికీ తెలుసు. తల పట్టుకుని, యిత్కా గురించి ఆలోచించవా నువ్వు, దాన్ని ఎత్తుకు పెంచావు కదే అన్నాడు. అప్పుడు హెద్వికా మెత్తబడింది. ఆ పిల్లకి మొదటి నుంచీ ఉత్తరాలు రాయడం నేర్పింది తనే.

"కొయ్యొద్దు. అతికిద్దాం," అంది.

పేజీకి పేజీ ఎదురుగా ఉంది కాబట్టి అంచులకి జిగురు రాసి మూసేస్తే ఒకే మందపాటి కాగితంలా ఉంటుంది. ఒక్క అక్షరం పోదు. కవర్లు అంటించీ అంటించీ ఏ జిగురు ఎంతసేపు పట్టుకుంటుందో పోస్టావిడకి బాగా తెలుసు. ఉత్త గోధుమ పిండి, నీళ్ళు. ఎప్పుడో మంచి రోజులొస్తే కెటిల్ ఆవిరి మీద పావుగంట పట్టుకుంటే చాలు, విడిపోతాయి. అదంతా పోల్దాకి చెప్పి, జిగురు కాయడానికి పొయ్యి దగ్గరికి వెళ్ళింది. వెళ్ళేముందు సిరాబుడ్డీ కలమూ పుస్తకం పక్కన పెట్టింది. ఖాళీ జాగా మీద వేలు ఆనించి, ఇక దీన్ని చాలా ఏళ్ళు ఎవరూ చూడరు పోల్దా, అంది.

గిన్నెలో పిండి ఉండకట్టకుండా తిప్పుతూ ఆమె వెనక్కి తిరగలేదు. పిండి చిక్కబడింది. తరవాత కలం గీరిన చప్పుడు వినిపించింది. గిన్నె పట్టుకుని వచ్చేసరికి నాలుగు వేళ్ళ జాగాలో ఇరికించి రాసి ఉంది: "లియోపోల్డ్ హ్రదిల్." చాలక అంచులో నిలువుగా ఇంకోటి: "వెందెలీన్ కాదు." పోల్దా ముక్కు చీదుకుంటున్నాడు. హెద్వికాకి గుండె నిండిపోయింది. వాడి భుజం మీద ఒక్క చరుపు చరిచి, సిరా ఆరనివ్వు అంది.

గురువారం ఇన్‌స్పెక్టరు వచ్చాడు. పేజీలు తిప్పుతూ మందపాటి కాగితం దగ్గర ఆగి గోటితో గీకాడు. ఇదేమిటన్నాడు. అంటుకున్నాయి అంది హెద్వికా. దేనితో అన్నాడు. పిండి జిగురుతో అంది. ఆయన ఆమె ముఖంలోకి చూశాడు. ఆమె కళ్ళు వాల్చలేదు. విప్పితే చదవాలి, చదివితే నివేదిక రాయాలి, రాస్తే ఇంకో నాలుగు ఊళ్ళు ఆలస్యం. పుస్తకం పాడైనదని రాసుకుని, భోజనం ఎక్కడన్నాడు. అడిగిన ప్రతిదానికీ నిజమే చెప్పానని ఆమె తరవాత చాలా గొప్పగా చెప్పుకుంది.

మిగిలింది ఒక్కటే. మూసిన పుస్తకంలో ఏం రాసుకున్నా వెందెలీన్ భార్య ఫిలోమెనాకి ఎలా తెలుస్తుంది? శుక్రవారం ఆమెకు పెన్షన్ ఇచ్చే రోజు. నేనూ వస్తాను, నేనే చెప్పాలి అని పోల్దా తనంతట తనే అన్నాడు. టోపీ చేత్తో పట్టుకుని హెద్వికా సైకిలు పక్కన నడిచాడు.

ఫిలోమెనాకి డెబ్బై దాటాయి. వంటింట్లో కూర్చోబెట్టి ప్లమ్ కేకు పెట్టింది. పోల్దా కేకు ముట్టుకోకుండా అంతా చెప్పేశాడు. నిచ్చెన, పానా, క్వారీ, ఏడాదిన్నర నోరు మూసుకోవడం, పుస్తకంలో పేరు రాయడం, పేజీలు అతికించడం. జనరల్ కాదు పిన్నీ, నేను, క్షమించు అన్నాడు. హెద్వికా ముసలావిడ చెయ్యి పట్టుకుంది. ఇన్నాళ్ళకి ఈమె మీదున్న బరువు దిగిందని అనుకుంది.

ఫిలోమెనా చెయ్యి వెనక్కి లాక్కుంది.

"ఎవరు రమ్మన్నారు మిమ్మల్ని?" అంది. "నలభై ఆరేళ్ళు కాపురం చేశాను ఆయనతో. చేసిన ప్రతి పనికీ ఎవరో ఒకరు తిట్టినవాళ్ళే. గుర్రాలు సరిగ్గా తోలలేదని, కంచె వంకరగా కట్టాడని. నేనూ తిట్టాను. ఈ ఒక్కదానికి నవ్వారు, కానీ ఆయనకది నవ్వులాట కాదు. ఏడు చెట్లు కొట్టడానికి తొమ్మిది ట్యాంకులు రావాల్సొచ్చింది చూడవే, అనేవాడు నాతో. ఆసుపత్రిలో పక్క మంచం మీదున్నవాడికి, డాక్టరుకి, మందులిచ్చే అమ్మాయికి, అందరికీ చెప్పాడు. సైన్యాన్ని దారి తప్పించింది నేనే అని. ఆ మాట మీదే పోయాడు."

పానశాలలో వెందెలీన్ తల వంచుకుని తాగడం హెద్వికా ఎన్నోసార్లు చూసింది. కళ్ళతో చూసిందే రాస్తానని పొంగిపోయిన మనిషికి, వంచిన తల కింద ఏముందో చూడాలని ఒక్కసారీ తోచలేదు.

"అది ఆయనది. నీకెందుకు పోల్దా? నీకు అధ్యక్ష పదవి ఉంది, డాక్టరయ్యే కూతురుంది," అంది ఫిలోమెనా. కళ్ళు తుడుచుకుని హెద్వికా వైపు తిరిగింది. "ఆ పేజీలు అతికించేశావటగా. గట్టిగా అతికించావా? ఎప్పటికీ ఊడి రాకుండా?"

కెటిల్ ఆవిరికి పావుగంటలో విడిపోయే జిగురది. హెద్వికా తన చేతులతో కాచింది.

"గట్టిగానే పిన్నీ," అంది ఆమె, తడుముకోకుండా. "ఇంక ఎవరి తరమూ కాదు."